గడీలో పియానో బల్ల

నా చిన్నప్పుడు మా ఊరి గడీ ముందు నుంచి పోవాల్సి వస్తే అవ్వకు అటు పక్కన నక్కి నడిచేవాణ్ణి. గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. మాది కోస్గి దిక్కున ఒక మెట్ట ఊరు. మా బాపు ఆ ఊరి బేగరి. గడీలో కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, ఏ వేళ పిలిస్తే ఆ వేళ ఉరకాలి. దానికి కూలి లేదు. దొర కనబడితే చెప్పులు చేతిలోకి రావాలి, కూర్చున్నవాళ్లు లేవాలి. ఒకసారి జ్వరంతో ఉన్న ఒక ముసలాయన లేవలేకపోయాడు. గడీ మనుషులు వచ్చినప్పుడు బాపు నా కళ్లు మూశాడు. చెవులు మూయడం మరిచిపోయాడు.

మిషన్‌వాళ్లు నన్ను పాలమూరు తీసుకుపోయి వాళ్ల బడిలో వేశారు. మా పియానో అమ్మ నాకు అక్కడే దొరికింది. ఆమెది మద్రాసు. పెళ్లికి ముందు మద్రాసులో, బొంబాయిలో, కొలంబోలో పెద్ద పెద్ద హాళ్లలో వాయించిందట. భర్తకు మిషన్ దవాఖానలో డాక్టరు ఉద్యోగం రావడంతో మా ఎర్రమట్టిలోకి వచ్చింది. ఇక్కడ వాయించడానికి హాళ్లు లేవు, వినడానికి మేమే ఉన్నాం. ఆమె పిల్లలకు పాఠాలు చెప్పింది, మా ఆడవాళ్ల విసుర్రాయి పాటలు విని వాటి మీద కొత్త పాటలు కట్టింది. వాటిలో ఒకటి నా కోసమే కట్టింది. నాకు తొమ్మిదేళ్లు. వయసుకు తగిన ఎత్తు లేదు. బల్ల మీద కూర్చుంటే కాళ్లు గాలిలో వేలాడేవి. అందుకని ఆ పాటను కాలి కింద పెడల్ అక్కరలేకుండా, చేతులతోనే అయిపోయేలా అల్లింది.

మా దొర కూడా ఒక పియానో కొన్నాడు. సికింద్రాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసిపోతున్న ఇంగ్లీషు వాళ్ల దగ్గర కొంటే, జడ్చర్ల దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్ల బండిలో వచ్చింది. దాన్ని వాయించేవాళ్లు లేరు. దాని మీద ఇత్తడి దీపాలు పెట్టేవారు. ఆ ఏడు తాలూక్‌దారు సాబ్ గడీకి విందుకు వస్తానన్నాడు. క్రిస్మస్‌కు మా బడిలో నా పాట విన్నాడేమో, మిషన్ అమ్మతో పాటు ఆ చిన్న పిల్లవాణ్ణి కూడా పిలిపించమని కబురు పెట్టాడు. అంత పెద్ద అధికారి మాటను దొర కాదనలేడు. మమ్మల్ని తీసుకుపోవడానికి గడీ నుంచి బండి వచ్చింది.

ఊరికి చేరిన సాయంత్రం మేము దిగిన పాస్టరు గుడిసె దగ్గరికి బాపు వచ్చాడు. నన్ను పక్కకు తీసుకుపోయి మోకాళ్ల మీద వంగి చెప్పాడు. "బిడ్డా, ఏమన్న జెయ్యి గని దొర ముందల కూసోకు. నువ్వు కూసుంటె నా తోలు ఒలుస్తరు. నాకున్న గా ఇంత చెలక భూమి గూడ గుంజుకుంటరు."

"మరి నిలవడి వాయించుడెట్ల బాపూ?"

"ఎట్లనో గట్ల వాయించు. నీ కాల్మొక్త."

కొడుకు కాళ్లు మొక్కుతానన్న తండ్రి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. పియానో అమ్మకు చెప్పాను. "పడుకో నాన్నా, రేపు చూద్దాం" అంది.

మరునాడు గడీ హాలులో దొర ఎత్తయిన కుర్చీలో, తాలూక్‌దారు సాబ్ సోఫాలో కూర్చున్నారు. గుమాస్తా చేతులు కట్టుకొని దొర వెనుక నిలబడ్డాడు. తలుపు బయట, వాకిలి మెట్ల కింద పనివాళ్లలో మా బాపు ఉన్నాడు. ముందుగా అమ్మ వాయించింది. తరువాత నన్ను రమ్మంది. నేను పోయి బల్ల పక్కన నిలబడ్డాను. కూర్చోమని సైగ చేసింది. నా మోకాళ్లు వంగలేదు.

గుమాస్తా దొర చెవిలో చెప్పాడు కానీ ఆ మాట హాలంతా వినబడింది. "గీడు మన బేగరోని కొడుకు దొరా."

దొర మీసం కదిలింది. "నిలవడి వాయించుమను."

అప్పుడు అమ్మ రెండు చేతులూ జోడించి అంది. "నిలబడితే కాలు కింద పెడల్ మీద సరిగ్గా ఆనదండి. అది తొక్కకపోతే ఇది పలకదు. మీరు నాటకాలవాళ్ల కాలి హార్మోనియం చూసే ఉంటారు కదా."

పచ్చి అబద్ధం. పెడల్ తొక్కకపోయినా పియానో పలుకుతుంది. నా వేలు ఒక మెట్టు తప్పితే ఊరుకోని మనిషి, నా కళ్ల ముందే అబద్ధమాడింది. దొర గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తాకు ఏం తెలుస్తుంది? ఇంతలో తాలూక్‌దారు సాబ్ నవ్వుతూ "బైఠో బేటా, డరో మత్" అన్నాడు. భయపడకుండా కూర్చోమని ఆయన అన్నాక, అంత ఖర్చు పెట్టి తెచ్చిన పియానో పలకదంటే దొరకు నామోషీ. "కూసో" అన్నాడు.

కూర్చున్నాను. కూర్చున్నాక గాని గుర్తు రాలేదు, నా కాళ్లు పెడల్‌కు అందవు. దొర కాస్త వంగి చూస్తే చాలు, గాలిలో వేలాడే ఆ రెండు కాళ్లతో అమ్మ అబద్ధం బయటపడుతుంది, మా బాపు తోలూ చెలకా పోతాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మ వచ్చి నాకు ఆనుకొని, దొర ఉన్న వైపున అడ్డంగా నిలబడింది. కాగితం తిప్పే నెపంతో ముందుకు వంగి, చీర కుచ్చిళ్లు నా కాళ్ల మీద పడేలా జరిగింది. ఆ కాగితం నాకు అక్కరలేదు, పాటంతా నోటికి వచ్చు. "మొదలుపెట్టు" అంది నా చెవిలో.

ఎలా వాయించానో తెలియదు. దొర దగ్గితే చేతులు ఆగిపోయాయి. అమ్మ మోచేతితో పొడిస్తే మళ్లీ కదిలాయి. చివర తాలూక్‌దారు సాబ్ చప్పట్లు కొట్టాడు, దొర కూడా కొట్టాల్సి వచ్చింది.

ఊరు దాటేదాకా బాపు మా బండి వెంట నడిచాడు. చింతచెట్ల కాడ బండి ఆపించి, నా మోకాలు పట్టుకొని మెల్లగా అన్నాడు. "నీ కాళ్లు కిందికి అందనే లేదు గదరా! అమ్మ చీర గటు దిక్కే ఉండె, మెట్ల కింద నుంచి నాకు గవ్వే కనవడ్డయి. నా పానం పోయింది."

"నా ప్రాణమూ పోయిందయ్యా" అంది అమ్మ. "బొంబాయిలో వెయ్యిమంది ముందు కూర్చున్నప్పుడు కూడా ఇంత వణకలేదు."

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. ఇంత చదువుకున్న అమ్మకు కూడా భయం ఉంటుందని ఆయన అనుకోలేదు. ఒక్కసారిగా నవ్వాడు. బాపు అంత గట్టిగా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. తరువాత చాలా రోజులు గడీ నుంచి పిలుపు వస్తుందని మేమంతా భయపడ్డాం. రాలేదు.

నేనూ పియానో మాస్టరునయ్యాను. ఆ రోజు నేర్చుకున్నదాన్ని వెంటనే పాటించానని చెప్పలేను. ఎన్నో ఏళ్లు, వేళ్లు వణికే పిల్లలను "భయమెందుకు, సిగ్గులేదా" అని కసిరాను. ఒక అమ్మాయి పాట మధ్యలో లేచిపోయి మళ్లీ రాలేదు. ఆమె చెప్పులు రెండు రోజులు మా గడప దగ్గరే ఉన్నాయి. ఇంటికి పోయి ఆమెను పిలుచుకు రావాలని నాకు తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమే, తోచింది, పోలేదు. నా భయం గుర్తుండి కూడా ఆమె భయాన్ని తప్పు పట్టాను.

ఇప్పుడు నా దగ్గరికి ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తారు. ఎవరైనా బల్ల మీద బిగుసుకుపోతే, జరగమని నేనూ పక్కన కూర్చుంటాను. నాకూ భయమేనని చెబుతాను. వాళ్లు నమ్మరు. ఎంత చల్లబడిందో చూడమని నా చేయి తీసి వాళ్ల చేతిలో పెడతాను.