ఎడమకు గుంజే కారు

మా మామ నన్ను పేరుతో పిలిచిన గుర్తు లేదు. "డ్రైవరమ్మ" అనేవాడు. నా ముందర కాదు, పక్క గదిలో కూర్చుని, నాకు వినపడేలా. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంకా ఆ కోపం ఏమిటని మా అక్క నన్ను తిడుతుంది. పోగొట్టుకోవడం నాకు చేతకాలేదు.

నేను నిజామాబాద్‌లో పుట్టి పెరిగాను. మా నాయనకు గంజ్‌లో పసుపు వ్యాపారం. ఇంట్లో కారుండేది. నా చదువు అయిపోయి పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మా అన్న నన్ను కాలేజీ మైదానానికి తీసుకుపోయి స్టీరింగ్ చేతికిచ్చాడు. సరదాగా మొదలైన పని, లైసెన్సు దాకా వచ్చింది. ఆ కాలంలో మా ఊళ్లో కారు నడిపే ఆడవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు, నేనైతే చూడలేదు. మా నాయనకు లోపల గర్వంగానే ఉండేది. సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం ఆ సంగతి ఎత్తలేదు.

నన్ను ఇచ్చింది బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలో ఒక పల్లెకు. నిజాంసాగర్ కాలువ కింద చెరకు తోటలున్న ఇల్లు. ఇంట్లో మామ, అత్త, నా భర్త, మా మరిది. నా భర్తకు చూపు తక్కువ. దళసరి అద్దాలు పెట్టుకున్నా ఎదురుగా వచ్చేది ఎడ్లబండో లారీయో దగ్గరికి వచ్చేదాకా తెలిసేది కాదు, అందుకని స్టీరింగ్ ముట్టుకోడు. మరిదికి చూపు బాగుంది, లైసెన్సు లేదు. ఇంట్లో ఒక పాత నల్ల కారు ఉండేది. దాని డ్రైవరు బస్సుల్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అదే సమయానికి మా అత్తకు చక్కెర జబ్బుతో కాలి మడమ మీద పుండు పడింది. వారం వారం నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టరు దగ్గర కట్టు కట్టించుకోవాలి. మరిదిని పంపితే పట్నంలో పోలీసులు పట్టుకుంటారని భయం. అట్లా నాకు కారు అప్పజెప్పారు.

మామకు అది అవమానం. కోడలు నడిపే కారులో పక్క సీట్లో కూర్చుని బోధన్ బజారు దాటేటప్పుడు పైకండువా ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆ అవమానానికి కారణం పుండూ కాదు, డ్రైవరూ కాదు, నేనే అనుకున్నాడు.

మొదట్లో కారు చక్కగానే పోయేది. ఒక చలికాలం, చెరకు కొట్టడం మొదలయ్యాక, ఒకరోజు పొద్దున్నే బయల్దేరినప్పుడు తేడా తెలిసింది. చేయి కొంచెం వదులు చేస్తే చాలు, కారు ఎడమకు జరుగుతోంది. రోడ్డు వంపేమో అనుకున్నాను. జానకంపేట దాటాక రోడ్డు సమంగా ఉంటుంది, అక్కడా అంతే. టైరులో గాలి తగ్గిందేమోనని నిజామాబాద్‌లో కొట్టించాను. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఇల్లు చేరేదాకా స్టీరింగ్‌ను కుడికి బిగపట్టి ఉంచాల్సి వచ్చింది. ఆ సాయంత్రం జొన్న రొట్టె కొడుతుంటే భుజం లేవలేదు. రొట్టె విరిగింది. అత్త చూసి, ముక్కలు తీసి పక్కన పెట్టింది.

మామకు చెప్పాను, కారును మెకానిక్కుకు చూపించాలని. ఆయన మరిదికి చెప్పాడు. మరిది కారు తీసుకుని బోధన్ పోయి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. మెకానిక్కు అంతా చూశాడట, బండిలో లోపం ఏమీ లేదన్నాడట. వరండాలో తండ్రి ముందు నిలబడి ఆ మాటలు చెప్తూ నా వైపు చూడలేదు.

"బండిది కాదట బాపూ, చెయ్యిదట. ఆడోళ్లు స్టీరింగ్ ఒక్క దిక్కే గుంజుతరట."

ఆ రోజు నుంచి నాకు నరకం. కారు కొంచెం పక్కకు జరిగితే మామ నాలుకతో చప్పుడు చేసేవాడు. ఎదురుగా లారీ వస్తే "ఇగ అయిపాయె" అని కళ్లు మూసుకునేవాడు. ఎడమ ముందు టైరు లోపలి అంచు గుండులాగా నున్నగా అరిగిపోయింది. కొత్తది వేశారు, అదీ అట్లాగే అరిగింది. నేను మలుపులు తిప్పడం చేతగాక టైర్లు తింటున్నానని వచ్చిన చుట్టాలందరికీ చెప్పాడు. నా భర్త వింటూ అద్దాలు తుడుచుకునేవాడు. ఆయన మంచివాడని అందరూ అంటారు. ఆ రోజుల్లో ఆ మంచితనం మీద నాకు కలిగినంత అసహ్యం మామ తిట్ల మీద కూడా కలగలేదు.

ఒక మధ్యాహ్నం నిజామాబాద్ నుంచి తిరిగి వస్తున్నాం. మామ నా పక్కన, వెనుక అత్తా నా భర్తా. మామ ఖలీల్‌వాడిలో మొదలుపెట్టి ఆపలేదు. మా నాయన కూతురికి అన్నం వండడం నేర్పలేదన్నాడు, బండి తోలడం నేర్పి ఇంటి మీదికి తోలాడన్నాడు. జానకంపేట దాటి ఎడపల్లి వైపు రోడ్డు నిటారుగా ఉన్నచోట, ముందూ వెనుకా ఎవరూ లేరు. వేగం బాగా తగ్గించాను.

"మామా, నా చేతులు చూడుండ్రి" అన్నాను.

రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

కారు తనంతట తాను ఎడమకు పోయింది. తారు దిగింది, కంకర మీద చప్పుడు చేస్తూ తుమ్మచెట్ల కిందున్న గుంతవైపు పోతోంది. అత్త కేక పెట్టింది. నేను అప్పుడు స్టీరింగ్ పట్టుకుని బ్రేకు వేశాను. కారు గుంత అంచున ఆగింది.

మామ దిగాడు. రోడ్డు మీద కొంతదూరం నడిచి వెనక్కి వచ్చాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. ఇప్పుడైనా ఒప్పుకుంటాడని ఎదురుచూశాను. కిటికీలోంచి చేయి చాపాడు.

"తాళంచెవి ఇటియ్యి. మమ్ములందర్ని సంపనీకె సూసినవ్."

"నేను గూడ అండ్లనే ఉన్న గద మామా" అన్నాను.

మామ తాళంచెవి లాక్కున్నాడు. నా భర్తను బస్సెక్కించి, మరిదిని పిలుచుకు రమ్మని పంపాడు. మేము ముగ్గురం అక్కడే ఉండిపోయాం. మామ చెట్టు కింద, తాళంచెవి పిడికిట్లో. అత్త వెనుక సీట్లో కాలు చాపుకుని. నేను ముందు సీట్లో. నీళ్ల సీసా నా దగ్గరుంది. అత్తకిచ్చాను. మామ అడగలేదు, నేను ఇవ్వలేదు. చెరకు బండ్లు ఒకదాని వెనుక ఒకటి మమ్మల్ని దాటిపోయాయి. బండివాళ్లు కారు చెడిపోయిందా అని అడిగితే మామ లేదని చేయి ఊపాడు. ఎండ దిగిపోయాక మరిది వచ్చాడు.

ఆ రోజు నుంచి మరిదే డ్రైవరు, లైసెన్సు లేకపోయినా పోలీసుల భయం ఎవరికీ గుర్తు రాలేదు. అతను సినిమా హీరోలాగా మోచేయి కిటికీ మీద పెట్టి కూర్చునేవాడు. నేను అత్తకు తోడుగా వెనుక కూర్చునేదాన్ని. అక్కణ్నుంచి నాకు అతని ఎడమ చేయి కనిపించేది. స్టీరింగ్ కింది భాగాన్ని ఆ చేయి గట్టిగా పట్టుకుని ఉండేది, నరాలు ఉబ్బి ఉండేవి. కారు ఎటు గుంజుతుందో అతనికి బాగా తెలుసు. పైకి మాత్రం "ఎంత సక్కగ పోతున్నది సూడు బాపూ" అనేవాడు. బాపు తల ఊపేవాడు.

ఒకరోజు నిజామాబాద్ నుంచి తిరిగి వస్తుంటే, మామ ముందు, మేము ముగ్గురం వెనుక, శక్కర్‌నగర్ దగ్గర ప్రమాదం జరిగింది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించడానికి బండ్లు రోడ్డు ఎడమ పక్కన బారుగా ఆగి ఉన్నాయి. రైతులు కొందరు కాడి విప్పి ఎడ్లకు మేత వేస్తున్నారు. ఎదురుగా లారీ వస్తోంది. మరిదిని కొంచెం మెల్లగా పోనిమ్మన్నాను, కుడికి పట్టమన్నాను. వదినెకు ఇంకా బుద్ధి రాలేదని తండ్రితో అని నవ్వాడు. లారీ హారన్ కొట్టింది. అతను గట్టిగా బ్రేకు తొక్కాడు. బ్రేకు పడేసరికి కారు ఒక్కసారిగా ఎడమకు తిరిగి బండ్ల మీదికి పోయింది. ఒక ఎద్దు కింద పడింది. బండి నొగ అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చి మామ ఎడమ భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

బండ్లవాళ్లందరూ చుట్టూ చేరారు. మరిది దిగి కారు అవతలికి పోయి నిలబడ్డాడు. ఎద్దు లేవలేక తల కొట్టుకుంటోంది. దాని యజమాని, తలకు రుమాలు కట్టుకున్న ముసలాయన, నడిపింది ఎవరని అడిగాడు. మామ భుజం పట్టుకుని సీట్లోనే ఉన్నాడు, నొప్పితో ముఖం బూడిదలా అయింది. ఆ నొప్పిలోనూ ఆయనకు ఏం చెప్పాలో తెలుసు.

"మా కోడలు. ఆమెనే నడుపుతది" అన్నాడు.

నేను వెనుక సీట్లో అత్త కాలు ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. నా పక్కన నా భర్త. ఆయన ముందు సీటు వీపును చూస్తూ కూర్చున్నాడు. ఆడదాన్ని కొట్టరని మామ అనుకున్నాడేమో, కొడుకుకు లైసెన్సు లేదని భయపడ్డాడేమో. ఏమైనా కానీ, ఆ మాట అనడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ముసలాయన వెనుక కిటికీలోంచి నన్ను చూశాడు. మళ్లీ ముందుకు పోయి మామ ముందు నిలబడ్డాడు.

"నా ఎద్దు పోయింది గని నా కండ్లు పోలే, పటేలా. గా పోరడు స్టీరింగు దిక్కు నుంచి దిగిండు. ఎనుక కూసున్నామె ఎట్ల నడుపుతది?"

మరిది కాలర్ పట్టుకుని కారు ఇవతలికి లాగారు. రెండు దెబ్బలు పడ్డాయి. పెద్దమనుషులు అడ్డం వచ్చారు. చివరికి మా కొట్టంలోంచి ఒక ఎద్దును ముసలాయనకు ఇచ్చేట్టు తేలింది. మామను ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా పోతున్న ఒక లారీలో దవాఖానకు తీసుకుపోయారు. నేను అత్తను పట్టుకుని బోధన్ బస్టాండు దాకా రిక్షాలో పోయాను.

కారును తాళ్లతో లారీకి కట్టి నిజామాబాద్ తీసుకుపోయారు. నా భర్తతో నేను కూడా మెకానిక్కు దగ్గరికి పోయాను. ఆ మెకానిక్కు చిరాకు మనిషి, మాటకు ముందు విసుక్కుంటాడు. చక్రాలు ఊడదీసి, రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ బయటికి తీసి నేల మీద పడేశాడు. అది మధ్యలో వంగి ఉంది. వంపు దగ్గర రాపిడికి గీతలు పడి, ఆ గీతల్లో తుప్పు పట్టి ఉంది. ఇది నిన్నటి దెబ్బ కాదన్నాడు. ఎప్పుడో ఏ కల్వర్టు రాయికో కొట్టారు, అలైన్‌మెంట్ అంతా పోయింది, ఇన్ని రోజులు ఇట్లాంటి బండిలో ఆడవాళ్లను తిప్పారా అని నా భర్తను తిట్టాడు. బోధన్‌లో చూపించామని నా భర్త గొణిగాడు. దీన్ని చూసినవాడెవడైనా లోపం లేదనడు, మీరు ఎవరికీ చూపించలేదు అని మెకానిక్కు ముఖం మీదే అన్నాడు.

నా భర్త ఆ కడ్డీని గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. మంచం మీద కట్టుతో పడుకున్న తండ్రి ముందు నేల మీద పెట్టి, మెకానిక్కు చెప్పింది చెప్పాడు. ఆయన జీవితంలో తండ్రికి ఎదురు మాట్లాడింది అంతవరకే. మామ దాన్ని చూశాడు.

"గీ ఇనుము ఇంట్ల ఎందుకు? బయట పారెయ్యి" అని అటు తిరిగి పడుకున్నాడు.

కారు బాగై వచ్చింది. మరిది స్టీరింగ్ దగ్గరికి కూడా రానన్నాడు. అత్త పుండు మానలేదు. మళ్లీ నేనే నడపాలని నా భర్తతో కబురు. అత్తను తప్ప ఎవరినీ ఎక్కించుకోనని, తాళంచెవి మామ తన చేత్తో ఇవ్వాలని చెప్పాను. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మూడో రోజు కట్టు మార్చక కాలు వాసన వస్తుంటే మామ లేచి వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర, నా చేతిలో తాళంచెవి పెట్టి పోయాడు.

మొదటి ప్రయాణంలో అత్త ముందు సీట్లో కూర్చుంది. ఎడపల్లి దాటాక తనే మొదలుపెట్టింది. పోయిన చలికాలం మరిది స్నేహితులతో కందకుర్తి పోయి, వచ్చేటప్పుడు కల్వర్టుకు కొట్టాడట. ఇంటికి రాగానే తల్లి కాళ్లు పట్టుకుని ఏడ్చాడట, బాపుకు చెప్పొద్దని.

"నాకు ఎర్కనే" అన్నది. "నువ్వు గట్టిదానివి బిడ్డా, మాటలు పడ్తవ్. వాడు పడలేడు. గందుకే చెప్పలే."

రోడ్డు చూస్తూ నడిపాను. ఆమె నా భుజం నొప్పి చూసింది, విరిగిన రొట్టె చూసింది, కారు గుంతవైపు పోతుంటే నాతోపాటు అందులోనే ఉంది, కేక పెట్టింది, అయినా చెప్పలేదు. శక్కర్‌నగర్‌లో మామ నేరం నా మీదికి తోసినప్పుడు ఆమె కాలు నా ఒళ్లోనే ఉంది. తిట్టిన మనిషిని ద్వేషించడం తేలిక. ఆ రోజు దాకా నేను ఆమెను నా పక్షం అనుకున్నాను.

పుండు పూర్తిగా మానేదాకా ఆమెను ఖలీల్‌వాడికి తిప్పాను. చేయి పట్టి దించాను, ఎక్కించాను, మందులు తెచ్చాను, నీళ్లిచ్చాను. ఆ కారులో ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. మొదట్లో ఆమె ఏదో ఒకటి అడిగేది, వానల గురించి, మా నాయన ఆరోగ్యం గురించి. తర్వాత మానేసింది. కారు గీత గీసినట్టు పోయేది.

డాక్టరు ఇక రానవసరం లేదన్న వారంలో నేను నా భర్తకు చెప్పాను, నిజామాబాద్ పోయి ఉందామని, ఆయన రాకపోతే నేను పోతానని. ఆయన వచ్చాడు. నేను ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. ఆయన మా నాయన దుకాణంలో కూర్చున్నాడు.

తర్వాత కొన్నేళ్లకు మరిది పెళ్లి అయింది. శుభలేఖ వచ్చింది. నేను రానన్నాను, ఆయన ఒక్కడే పోయి వచ్చాడు. అన్నం తింటూ ఎవరెవరు వచ్చారో, ఏం వండారో చెప్పాడు. కోడలు రాలేదా అని మామ అడిగాడట. రాలేదని చెప్పాడట.

"ఏమన్నడు?" అని అడిగాను.

"మంచిదే అన్నడు."

నాకు కూడా మంచిదేనని చెప్పి, ఆయనకు ఇంకొంచెం అన్నం వడ్డించాను.