ఉప్పు లేని బోనం

తొంభైల్లో యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ తార్నాకలో ఓ గది అద్దెకు తీసుకున్నాను. హిందూ సంప్రదాయాల మీద వ్యాసం రాయాల్సి వచ్చింది. శైవం, వైష్ణవం, గ్రామదేవతల పూజ అని కాగితం మీద గళ్లు గీసి, ఒకదానికీ ఇంకొకదానికీ పొంతనే లేదని తేల్చేశాను. మాది నామాలు పెట్టుకునే ఇల్లు. ఆ పొగరు కూడా కొంత ఉండేది.

ఆషాఢంలో ఒక ఆదివారం మా ఇంటి ఓనరమ్మ మైసమ్మకు బోనం చెల్లించి వచ్చి, కుండలో మిగిలిన పసుపన్నం నాకింత పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే నా ముఖం చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో, ఉప్పు ఏసుడు మర్చిపోయిన, బిడ్డా! అమ్మకు పెట్టకముందు రుచి చూడొద్దు గదా!"

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మడి కట్టుకుని పెరుమాళ్లకు వండుతుంటే మమ్మల్ని వాసన కూడా చూడనిచ్చేది కాదు. ఉప్పు తక్కువైన పులిహోరను ఎన్ని పండగలకు కళ్లకద్దుకుని తిన్నామో!

ఆ నాయనమ్మే వచ్చి ఉంటే ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

నేను ప్లేటు ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమన్నాను.