బెంచీ మీద సుళి

మా ఊరి హైస్కూల్లో "గ్రంథాలయం వల్ల ఉపయోగాలు" అనే వ్యాసం రాయని పిల్లలు లేరు. గ్రంథాలయం చూసిన పిల్లలూ లేరు. గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే మార్కులు పడేవి. సొంతంగా ఒక మాట కలిపితే ఎర్రగీత పడేది. ఇట్లా తెలుగు నేర్పించి, తనిఖీకి వచ్చినవాళ్ళు మళ్ళీ "సత్యవేడు వైపు పిల్లలది అరవ తెలుగు, వాళ్ళకు రాయడం రాదు" అని తేల్చేసి జీపెక్కేవాళ్ళు. సరిహద్దులో పుట్టడం మేము చేసిన నేరమైనట్టు.

అట్లాంటి బడికి వకుళాదేవి టీచరు వచ్చింది.

ఆమె పుట్టిల్లు తిరుపతి. తండ్రి పేరు శఠగోపం, గుడి సేవలో పాశురాలు చదివేవాడు. ఆ ఇంట్లో అన్నానికి కూర్చునే ముందు పిల్లలు పద్యాలు అప్పజెప్పాలి. ఆమెకు వందల కొద్దీ నోటికి వచ్చు. చిన్నప్పుడు ఒకసారి పద్యంలో చిలక వస్తే, "నాయనా, ఆ చిలక ఏం తింటా ఉండాది?" అని అడిగిందట. "చిలక తిండి నీకెందుకు, తప్పు లేకుండా చదువు" అన్నాడట ఆయన. ఆ చిలక ఇప్పటికీ పస్తే ఉందని టీచరు నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు వెనక కొంచెం కోపం ఉండేది. నాకు ఆమె మీద గౌరవం పుట్టింది ఆ కోపం వల్లే.

చాలా ఏళ్ళు ప్రైవేటు బళ్ళలో చాకిరీ చేసి, వయసు మీరిపోయే ముందు సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. కాపురం పుత్తూరులో. రోజూ బస్సులో వచ్చి, బస్సులో పోయేది. కిటికీ పక్క సీటు దొరికితే టికెట్టు వెనక నాలుగు ముక్కల పద్యం రాసుకునేది. వాటిని ఎవరికీ కవిత్వమని చూపించేది కాదు. పిల్లలకు మేత అనేది.

శనివారం చివరి పీరియడు ఆ మేత పడేది. బడి గోడకు ఆనుకునే నేను పంక్చర్లు వేసే షెడ్డు. తొమ్మిదో తరగతి కిటికీ నా నెత్తి మీదే ఉంటుంది కాబట్టి అన్నీ వినబడేవి. ముందు బోర్డు మీద "శ్రీ" రాసి, దాని కింద పద్యం రాసి, రెండుసార్లు చదివేది. ఒకనాటి పద్యం ఇది:

వాన వచ్చి వెళ్ళిపోయింది
చూరు కింద చెంబు నిండింది
ఎవరి కోసం నిండిందో
చెంబుకు తెలియదు

"అర్థం నేను చెప్పను. మీరూ చెప్పొద్దు. ఈ చెంబు మీ ఇంట్లో యాడుందో వెతకండి. దాని దగ్గర ఎవరున్నారో చూడండి. అది రాయండి, ఒక పేజీ చాలు. గైడు మాట ఒక్కటి కనబడినా చించేస్తా."

మొదట్లో అందరూ "వాన వల్ల ఉపయోగాలు" రాశారు. ఆమె నిజంగానే చించింది. ఆ తరువాత భానుచందర్ అనే పిల్లవాడు తన అవ్వ గురించి రాశాడు. అవ్వ చెయ్యి విరిగి పుత్తూరులో కట్టు కట్టించుకొని వచ్చింది. చెంబు ఎత్తలేక, చూరు కింద దాని మీదికి వంగి కోడి మాదిరిగా తాగింది. వాడు నవ్వాడు, అవ్వ కూడా నవ్వింది, నవ్వితే కట్టు కదిలి ఏడ్చింది. అంతే కథ. టీచరు చదివి వినిపిస్తుంటే నేను ట్యూబు నీళ్ళలో ముంచి అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను.

నవంబరులో హెడ్మాస్టరు గిరిప్రసాద్ ఆమెను వరండాలో ఆపాడు.

"మేడం, సంక్రాంతి సెలవులైనాక శనివారం పీరియడు లెక్కలకు ఇచ్చేస్తా ఉండాను."

"ఎందుకు సార్?"

"పైన రిజల్టు అడుగుతారు. చెంబు నిండిందా లేదా అని ఎవురూ అడగరు."

"తిరుపతిలో ఒక సాహితీ సంఘమోళ్ళు పోటీ పెడతా ఉండారు సార్. పద్యం ఇచ్చి, ఆడికాడే కథ రాయమంటారు. మన పిల్లోళ్ళు గెలిస్తే?"

"గెలిస్తే పీరియడు మీదే. గెలవకపోతే లెక్కల సారుకు సుద్దముక్కలు మీరే అందీయాల."

"సరే సార్," అంది ఆమె. నాకైతే ఒళ్ళు మండింది. ఆమె మాత్రం ఏదో బేరం కుదిరినట్టు నవ్వుకుంటూ క్లాసులోకి పోయింది.

పోటీకి అయిదుగురు పిల్లలను తీసుకుపోయింది. అందులో మా చెల్లెలు మోహన ఉంది. తోడు కోసం నేనూ పోయాను. సుద్దముక్కల సంగతి తేల్చుకోవాలనేమో, హెడ్మాస్టరు కూడా వచ్చాడు. హాలు బయట ఏదో పెద్ద ప్రైవేటు బడి పిల్లలు టైలు కట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు మావాళ్ళ మాట విని, "మీరు అరవోళ్ళా?" అన్నాడు.

"కాదప్పా, ఆకలోళ్ళం. టిఫిను యాడ పెడతారు?" అన్నాడు భానుచందర్.

లోపల నిబంధనలు మైకులో చదివారు. కాగితం మీద నంబరు తప్ప పేరు, ఊరు, బడి, ఎటువంటి గుర్తూ ఉండకూడదు. అందరూ విన్నారు, మావాళ్ళూ విన్నారు. పద్యం ఇచ్చారు, రాశారు, కాగితాలు తీసుకున్నారు.

మధ్యాహ్నం ఫలితాలకు ముందు మోహన్‌కృష్ణ అనే పెద్దాయన మైకు ముందుకొచ్చాడు. కర్నూలు నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన రిటైర్డు లెక్చరరు.

"ఒక విచారకరమైన విషయం. అయిదు కాగితాల మీద ఒకే రహస్య గుర్తు ఉంది. నంబర్లు చూస్తే అయిదూ ఒకే బడివి. ఇది పిల్లలు చేసే పని కాదు, వెనక ఎవరో నేర్పించిందే. ఆ అయిదింటినీ పక్కన పెట్టాము."

కాగితం ఎత్తి చూపించాడు. పైన మధ్యలో ఒక వంకీ, దాని కింద రెండు అడ్డగీతలు. పిళ్ళయార్ సుళి. అరవదేశం ఆచారం. మా వైపు బియ్యం చీటీ రాసినా, పెళ్ళి పత్రిక రాసినా ముందు వినాయకుడి పేర అది చుట్టకుండా ఎవరూ కలం కదపరు. పలక పట్టిన రోజున అక్షరం కంటే ముందు మా చేతులకు వచ్చేది అదే. దాన్ని ఒక గుర్తు అనుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు. బోర్డు మీద శ్రీ లేకుండా పద్యం రాయని టీచరుకు కూడా తట్టలేదు.

హెడ్మాస్టరు మొహం మాడిపోయింది. "ఏం మేడం, చెప్పి రాయించినారా?" అని గొణిగాడు.

టీచరు లేచి నిలబడింది.

"అయ్యా, అది పిళ్ళయార్ సుళి. మా పిల్లోళ్ళు ఉత్తరం రాసినా పెడతారు, ఉప్పు పప్పు చీటీ రాసినా పెడతారు."

"కావచ్చునమ్మా. ఇక్కడ ఇన్ని బళ్ళున్నాయి. మిగతావాళ్ళు ఎవరూ పెట్టలేదే?"

"మిగతావాళ్ళు మా ఊరోళ్ళు కాదు కదండీ."

హాల్లో కొందరు నవ్వారు. అది మా మీద నవ్వో, ఆయన మీద నవ్వో తెలియలేదు. టీచరు ఆగలేదు. "మాట వద్దు. మీరే ఒక పద్యం చెప్పండి, ఇప్పుడే కట్టి చెప్పండి. అందరి ముందర మా పిల్లోళ్ళు రాస్తారు. కాగితం మీద చుక్క గుర్తు కనబడినా మేమే లేచి పోతాము."

పెద్దాయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తరువాత నెమ్మదిగా చెప్పాడు:

తలుపు తెరిచే ఉంది
లోపల ఎవరూ లేరు
గాలి వచ్చి కూర్చుని
వడ్డించమంది

మా అయిదుగురినీ ముందు బెంచీలో కూర్చోబెట్టి తెల్లకాగితాలిచ్చారు. టీచరును గోడ దగ్గర నిలబడమన్నారు. నలుగురూ తటపటాయించి మొదలుపెట్టారు. మోహన మొదలుపెట్టలేదు. కలం కాగితానికి జానెడు పైన ఆగిపోయింది. దాని చేయి నాకు తెలుసు, సుళి లేకుండా అది కదలదు. టైల పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. పీరియడు పోయినట్టేనని, టీచరుకు దొంగ అనే పేరు కూడా మిగిలిపోతుందని అనుకున్నాను.

అప్పుడు మోహన నీళ్ళ సీసా మూత తీసి వేలు తడుపుకుంది. తడి వేలితో బెంచీ చెక్క మీద వంకీ తిప్పింది, కింద రెండు గీతలు గీసింది. వెంటనే కాగితం మీదికి వంగింది. ఇక తల ఎత్తలేదు.

పెద్దాయన అది చూశాడు. దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా అది బెంచీ మీద?"

"సుళి సార్. కాగితం మీద పెట్టొద్దంటిరి కదా," అంది మోహన, రాయడం ఆపకుండానే.

ఆయన ఆ తడి గీతలు ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. తరువాత వేదిక మీదికి వెళ్ళి, పక్కన పెట్టిన అయిదు కాగితాలనూ తన చేత్తోనే కట్టలో కలిపాడు.

కొత్త కాగితాల్లోంచి ఒకటి తీసి ఆయనే మైకులో చదివాడు. మా చెల్లెలు రాసింది:

"మా అమ్మ కంపెనీలో రేయి షిఫ్టుకు పోతాది. పొద్దున బస్సు దిగి వచ్చేటప్పటికి ఇంట్లో ఎవురూ ఉండరు. అందుకని నేను అన్నం గిన్నె మీద మూత పెట్టి, మూత మీద నా రిబ్బను పెట్టి బడికి పోతాను. రిబ్బను ఉంటే నువ్వు వడ్డించినట్టే అని అమ్మ అంటాది. ఒకరోజు మరిచిపోయి రిబ్బను కట్టుకొని పోయినాను. సాయంత్రం వచ్చి చూస్తే అన్నం అట్లనే ఉండాది. తినలేదేమ్మా అంటే, ఎవురూ పెట్టలేదు కదమ్మీ, అనింది."

అది మా ఇల్లే. షెడ్డుకు బయలుదేరేటప్పుడు ఆ రిబ్బను నేను రోజూ చూసేవాణ్ణి. పాత పేపర్ల కొట్లో దొరికిన పుస్తకమల్లా చదివి గొప్ప కథ ఎక్కడుందా అని వెతికేవాణ్ణి. అది మా గిన్నె మూత మీదే ఉంది.

హాలు చప్పట్లతో నిండిపోయింది. టైల పిల్లలే ముందు లేచారు. పెద్దాయన మైకు పట్టుకుని, "ఇందాక తొందరపడి నింద వేశాను. ఆ టీచరుగారికి అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను. ఇది ఏ ఊరి తెలుగో నాకు తెలియదు. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో ఏ పిల్లా నాకు ఇట్లా రాసివ్వలేదు," అన్నాడు. కట్టంతా మళ్ళీ దిద్దాక మొదటి బహుమతి మోహనకు వచ్చింది. మూడోది భానుచందర్‌కు. రెండూ సుళి పెట్టిన కాగితాలకే.

తిరుగు బస్సులో హెడ్మాస్టరు గెలిచిన కప్పును తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. పుత్తూరు దగ్గరపడ్డాక గొంతు సవరించుకున్నాడు.

"మేడం, శనివారం పీరియడు మీదే."

"శనివారం చాలదు సార్. బుధవారం కూడా కావాల."

"బుధవారం లెక్కలది."

"తెలుసు సార్. సుద్దముక్కలు మీరు అందీండి."

వెనక సీట్లో భానుచందర్ ముందుగా నవ్వాడు. తరువాత బస్సంతా నవ్వింది. చివరికి హెడ్మాస్టరూ నవ్వాడు, కప్పును జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని. టీచరు అప్పటికే కిటికీ వైపు తిరిగి టికెట్టు వెనక ఏదో రాస్తోంది. తొంగి చూశాను. పైన శ్రీ ఉంది. దాని పక్కనే చిన్నగా, అలవాటు లేని చేత్తో చుట్టిన సుళి.