తాత దించని వేషం

తిరుపతిలో జనం మొర వినేవాళ్లు ఇద్దరే ఇద్దరు. కొండ మీద సామి, కొండ కింద మునిరామయ్య తాత. సామి జవాబివ్వడు, తాత వెంటనే ఇస్తాడు. కాబట్టి తాతే ఒక మెట్టు పైన.

బతుకంతా ఆయన ఒక లాడ్జీలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. "రూము లేదు" అనడం తప్ప ఆయన నోట ఇంకో మాట విన్నవాళ్లు అరుదు. ఇంట్లో అలివేలమ్మ అవ్వతో అదీ లేదు, తల ఊపుడే. గంగజాతరలో మాత్రం మొక్కు ప్రకారం మీసం తీయించి, చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరిగేవాడు. ఆ ఒక్క రోజు దారిన పోయేవాళ్లందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. సాయంత్రం చీర విప్పి స్నానం చేస్తే మళ్లీ మూగనోమే.

ఈ కత రాసే మనవడు ఆయనకు ఫేస్‌బుక్కు తెరిచి ఫొటో అడిగినాడు. తన మొహం తనకు నచ్చింది చీర కట్టిన జాతర ఫొటోలోనే. అదే పెట్టించుకున్నాడు. పేరు "తిరుపతి ముని" చాలన్నాడు.

ఎవరో కొండకొచ్చేవాళ్లు గదుల గురించి అడిగితే తాత అలవాటుగా "రూము లేదు. బిడ్డలకు తినిపించి బయల్దేరండి" అని రాసినాడు. అది చూసి కర్నూలు నుంచి సుజన అనే అమ్మాయి రాసింది: "అమ్మా, నాకు పుట్టింటివాళ్లు ఎవరూ లేరు. కడుపుతో ఉన్నాను. తిన్నది ఇమడడం లేదు."

"నేను అమ్మను కాదు" అని తాత టైపు చేసినాడు. చెరిపినాడు. లేచి వంటింట్లోకి పోయినాడు.

"ఏమే, కడుపుతో ఉండే పిల్లకి తిన్నది ఇమడకపోతే ఏం పెట్టాల?"

అవ్వ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "ఎవురికి కడుపు?"

"ఫోన్లో పిల్లకి."

"ఈ వయసులో ఫోన్లో పిల్లా నీకు!" అని తిట్టి, "పొద్దున లేస్తానే నాలుగు బొరుగులు నమలమను" అంది.

అట్లా రోజూ రాసుకుంటూ సాగింది. బిడ్డ పుట్టింది. ఏడు తిరిగేలోపు సుజన రాసింది: "అమ్మా, పుట్టెంటికలకు కొండకొస్తాండాము. నా కూతురు నీ ఒళ్లోనే కూర్చోవాల."

తాత ఫోను తీసుకుపోయి మనవడి ముందర పెట్టినాడు. "ఈ ఫేస్‌బుక్కంతా ఎత్తేసేది ఎట్లరా?" అన్నాడు మనవడితో.

"యాడికి ఎత్తేస్తావు?" అంది అవ్వ. "జాతరలో కట్టిన వేషం దించితేనే మొక్కు తీరేది. నువ్వు దించకుండా తిరగతాండావు. పోయి ఆ బిడ్డ ముందర దించు."

కల్యాణకట్ట దగ్గర సుజన చీర కట్టినవాళ్ల మధ్య వెతుకుతోంది. పంచె, మీసంతో తాత ఎదురు పోయినాడు.

"నేనే తల్లీ మునిని. ఆ ఫొటో జాతర వేషం."

సుజన మొహం మాడిపోయింది. బిడ్డను గుండెకు అదుముకుంది.

"బొరుగులు తినమనింది ఎవరు?"

"మా ఇంటిది."

"రోజూ తిన్నావా అని అడిగింది?"

"అది... నేనే."

"పుట్టింటివాళ్ల ఒళ్లో కూర్చోబెట్టాల అంటారు. మీసం ఉండకూడదని యాడా అనలేదులే," అని బిడ్డను అందించింది. కత్తి తగలగానే పిల్ల ఏడ్చి, ఆ మీసమే గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు తాత అవ్వను కూడా "తిన్నావా" అని అడుగుతున్నాడు. ఫోన్లో ఇంకో పిల్ల ఉందేమోనని అవ్వకింకా అనుమానమే.

"తాతా, నీ కత రాసినా. మీసంతో నిలబడు, కొత్త ఫొటో పెడదాం," అన్నాడు మనవడు.

"ఆ పోటో మార్చబాకు. మీసం ఉండాదని కింద రాయి. పదో తరగతి తప్పినోడివి, ముందు తప్పుల్లేకుండా రాయి."