వినుకొండ నుంచి వచ్చిన తలుపు

మా కారుకి నాలుగు తలుపులుంటే అందులో మూడే మావి. డ్రైవరు వైపుది వినుకొండ అవతల ఒక రైతు దొడ్లోంచి వచ్చింది. రంగు వేయించాక చూసేవాళ్లకి తేడా తెలియదు గానీ నాకు తెలుసు. ఆ తలుపు తీసినప్పుడల్లా ఆ ఇంటివాళ్లని ఒకసారి తలుచుకుంటాను. పైకి అంటే మా వదిన నవ్వుతుంది కాబట్టి లోపలే అనుకుంటాను.

కారు మా అన్నయ్యది. మీగడ రంగు అంబాసిడర్. ఊరు చిలకలూరిపేట దగ్గర, పంట మిరప. కోతలయ్యాక బేరానికి చూపించే మచ్చు మూటలు డిక్కీలోనూ, అవి చాలకపోతే వెనక సీట్లోనూ వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్లేవాడు. ఏడాదికోసారి మమ్మల్నందర్నీ అందులో కుక్కి సింగరాయకొండ గుడికి తీసుకెళ్లేవాడు. నన్ను మా ఊళ్లోనే ఇచ్చారు, పుట్టింటికి రెండు వీధుల అవతల. అందుకని ఆ కార్లో నా సీటు ఎప్పుడూ పోలేదు. డ్రైవింగ్ నేర్పింది కూడా అన్నయ్యే. నేర్పాడనడం కంటే తిట్టాడనడం నిజం. "గేరు మార్చమంటే పప్పు గరిట తిప్పినట్టు తిప్పుతావేంటే" అని పొలం దారంతా వినపడేలా అరిచేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

రెండేళ్ల కింద అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కాలు కొన్ని నెలల్లో తేరుకుంది. మాట నిదానించిందే గానీ పోలేదు. కుడి చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు బయట తిరగమన్నాడు, నలుగురిలో కూర్చోమన్నాడు. అన్నయ్య గదిలోంచి కదలడం మానేశాడు.

మొదట్లో నీరసం అనుకున్నాం. అసలు సంగతి అన్నం. ఎడం చేత్తో తినాల్సి రావడం తను భరించలేకపోయాడు. చెంచా ఇస్తే విసిరికొట్టాడు. వదిన తినిపిస్తానంటే మొహం తిప్పుకున్నాడు. చివరికి కంచం లోపల పెట్టేసి తలుపు దగ్గరికి వేసి వెళ్లమన్నాడు. మా ఇళ్లల్లో ఎడం చెయ్యంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మంచినీళ్ల గ్లాసు ఎడం చేత్తో అందిస్తే నెత్తిన మొట్టికాయ పడేది. నాకు మొట్టికాయలు వేసినవాళ్లలో మొదటి పేరు అన్నయ్యదే.

ఆ తర్వాత పెళ్లిళ్లకి రాలేదు, పేరంటాలకి రాలేదు. ఎవరన్నా చూడ్డానికొస్తే పడుకున్నాడని చెప్పమనేవాడు. ఏమడిగినా "మీ ఇష్టం" అనేవాడు. ఊళ్లో ప్రతి తగువులో తలదూర్చిన మనిషి మీ ఇష్టం అంటుంటే నాకు భయం వేసింది. ఒక పొద్దున ఆ మాట ఇంకోసారి వినేసరికి ఒళ్లు మండి, దొడ్లోకి వెళ్లి కారు మీద కప్పిన, మిరపకాయలు ఆరబోసే పట్టా లాగేశాను. కారు బాగుచేయిస్తానని గది కిటికీకి వినపడేలా చెప్పాను.

చిలకలూరిపేట నుంచి రేకు పని చేసే మేస్త్రిని పిలిపించాను. అతను కాళ్ల కింద మ్యాట్ ఎత్తి, "అమ్మగారూ, ఇక్కణ్నుంచి నేల కనపడుతోందండి" అన్నాడు. వాడరేవు సముద్రానికి వెళ్లొచ్చినప్పుడల్లా ఉప్పు గాలి తినేసిందని మేం అందరికీ చెప్పుకునేవాళ్లం. మేస్త్రి అదేం కాదన్నాడు. మిరప మోసిన కారుని ఏం చేస్తారని అడిగాడు. ఏం చేస్తాం, సీజను అయిపోగానే ఘాటు పోవాలని ట్యూబు పెట్టి లోపలంతా నీళ్లు కొడతాం. లేకపోతే కూర్చున్నవాళ్లు తుమ్మి తుమ్మి చస్తారు. ఏటా ఆ పని చేసింది నేనే, శుభ్రంగా కడిగానని మురిసిపోయింది కూడా నేనే. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిల్లులుంటాయట. నేను కడిగిన కడుగుడుకి అవన్నీ మిరప గింజలతో మూసుకుపోయాయి. నీళ్లు తలుపు లోపలే నిలిచి, రేకుని కిందనుంచి తినుకుంటూ వచ్చాయి. మేస్త్రి అరచేతిలో పోసి చూపించిన గింజలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

అడుగు రేకు తనే కొట్టి వేస్తానన్నాడు. మడ్గార్డులకి అతుకు వేస్తే నిలుస్తాయన్నాడు. డ్రైవరు వైపు తలుపు మాత్రం మార్చాల్సిందేనన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ తలుపు అంచు మీద అన్నయ్య మోచెయ్యి ఆనించి ఆనించి ఒక చోట రంగు పోయి రేకు నున్నబడింది. దానికే అతుకు వెయ్యవయ్యా అని బతిమాలాను. రెండు వానాకాలాలు కూడా ఆగదన్నాడు.

సరే, తలుపుల వేట మొదలైంది. ముందు కొత్తది తెప్పించాను. పాత బండ్లకి అచ్చు అలాగే చేసి అమ్మేవి ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మేస్త్రి దాన్ని దొడ్లో గోడకి ఆనించి వేలి కణుపుతో కొట్టాడు. కిటికీలోంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"ఏంటది, బిస్కెట్ల డబ్బానా?"

వదినా నేనూ మొహాలు చూసుకున్నాం. ఏడాది పైన అయింది ఆ గొంతు అలా విని. నేను కావాలనే, "కొత్త తలుపు, మెరిసిపోతోంది, ఇదే పెట్టించేస్తున్నా" అని గట్టిగా అన్నాను.

"పెట్టించు. గేదె ఒరుసుకుంటే సొట్ట పడుద్ది. నువ్వు తీసుకుంటూ కూర్చో."

ఆ తలుపు వెనక్కి పంపేశాను. తర్వాత గుంటూరు ఆటోనగర్ వెళ్లి పాతది ఒకటి పట్టాను. ఈసారి మోసపోకూడదని అయస్కాంతం కూడా తీసుకెళ్లాను. రేకైతే అంటుకుంటుంది, లప్పం పూసి కప్పిపెట్టిన చోట అంటుకోదు. మధ్యలో పెట్టి చూశాను, అంటుకుంది. కింద చూడాలంటే వంగాలి, నా నడుం సంగతి నాకు తెలుసు. గర్వంగా ఇంటికి తెచ్చాను. అన్నయ్య కిటికీ దగ్గర్నుంచి వరండాలోకొచ్చి నిలబడ్డాడు, కుడి చేతి మీద తువ్వాలు కప్పుకుని.

"కింద పెట్టి చూడు," అన్నాడు.

అయస్కాంతం జారి నా కాలి మీద పడింది. జానెడు ఎత్తున అంతా లప్పమే.

"ముప్పై ఏళ్లు నా పక్కన కూర్చుని నేర్చుకుంది ఇదా? వంకాయలు కొన్నా అడుగు తిప్పి చూస్తారు కదే."

నన్ను అంతలా తిడుతుంటే నాకు నవ్వాగలేదు. జన్మలో తిట్టించుకుని అంత సంతోషపడింది లేదు. కానీ మధ్యాహ్నం కంచం మళ్లీ లోపలికే వెళ్లింది, తలుపు మళ్లీ పడింది. నా సంబరం అక్కడితో సరి.

వినుకొండ దగ్గర ఒక రైతు దొడ్లో ఇలాంటి కారే మూలపడి ఉందని మేస్త్రికి పత్తి లారీ డ్రైవరొకడు చెప్పాడు. రెండుసార్లు ఓడిపోయాను, నువ్వు రాకపోతే నేను వెళ్లనని అన్నయ్యకి చెప్పాను.

"అంత దూరం వెళ్తే అన్నానికి ఉండమంటారు," అన్నాడు.

ఏడాది పైగా తను ప్రతి ప్రయాణాన్నీ దేనితో కొలుస్తున్నాడో నాకు అప్పుడర్థమైంది. పెళ్లిళ్లు, చావులు, పరామర్శలు, అన్నిట్లోనూ తనకి ముందు కనపడింది కంచమే. పొద్దున్నే టిఫిను తిని బయల్దేరదాం, అన్నం టైముకి ఇంట్లో ఉందాం అని మాటిచ్చాను. వచ్చాడు.

కిరాయికి తీసుకున్న కారులో, నేనే నడుపుతూ, మేస్త్రితో కలిసి వెళ్లాం. నరసరావుపేట దాటాక చేలల్లో పత్తి తీతలు జరుగుతున్నాయి. అన్నయ్య కిటికీలోంచి ఒక్కో చేనూ చూస్తూ, వీళ్లు నీళ్లు ఎక్కువ పెట్టారు, వీళ్లు మందు ఆలస్యం చేశారు అని తీర్పులు చెప్పాడు.

ఆ రైతుది మా అన్నయ్య వయసే. ఇంటి ముందు గదిలో పత్తి నడుం ఎత్తున పోసి ఉంది. కారు దొడ్లో పత్తి కంప మోపుల పక్కన ఉంది. దాన్ని చెట్టుకి గుద్దారట, ఎడం పక్కంతా నుజ్జయింది. కుడి పక్క తలుపులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి గానీ నిలబడ్డాయి. అన్నయ్య దూరంగానే ఆగిపోయాడు. నేను వెళ్లి తలుపు పైన ఎక్కడో తట్టి, "బాగుంది మేస్త్రీ, ఊడదీసెయ్" అన్నాను.

ఆ మాటకి అన్నయ్య వచ్చి నన్ను భుజంతో పక్కకి నెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఎడం చేతి కణుపులతో పైనుంచి కిందదాకా తట్టుకుంటూ వచ్చాడు. అరచెయ్యి తలుపు అడుగుకి పోనిచ్చి ఈ చివర్నుంచి ఆ చివరికి నెమ్మదిగా తడిమాడు. లేచి, తలుపు తెరిచి, పట్టుకుని పైకెత్తి చూశాడు. కదల్లేదు. తువ్వాలు ఎప్పుడు జారిపోయిందో తనకి తెలియదు. కుడి చెయ్యి అందరి ముందూ ఊరికే వేలాడుతోంది.

"దీన్ని ఎవరూ కడగలేదు," అన్నాడు.

"మాది పత్తేనండీ, దులిపితే పోద్ది," అన్నాడు రైతు. "మీది మిరపంట కదా."

మేస్త్రి నా వైపు చూసి దగ్గాడు. నేను మాట మారుస్తూ, పాత తలుపుని మాత్రం పారెయ్యనని, అన్నయ్య మోచేతి గుర్తున్న రేకు కోసి దీనికి అతికిస్తే ఎలా ఉంటుందని అడిగాను.

"పుచ్చిన రేకు పట్టుకుని ఏం చేస్తావే?" అన్నాడు అన్నయ్య. "తలుపన్నాక తెరుచుకోవాలి, మూసుకోవాలి. ఎవరిదైతే ఏంటి?"

తను తలుపు గురించే అన్నాడు. నేను మాత్రం తన ఎడం చేతి వైపు చూశాను.

బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కిరోసిన్ పోసి, నానబెట్టి, ఒక్కొక్కటీ కదిలించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నా మాట నీళ్లపాలైంది. ధర మాట్లాడదామంటే రైతు చెయ్యి అడ్డంగా ఊపి, "ముందు కాళ్లు కడుక్కోండి, అన్నం తిన్నాక మాట్లాడుకుందాం" అన్నాడు. అన్నయ్య మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. గబగబా వంటింట్లోకి వెళ్లి ఆ ఇల్లాలిని పట్టుకున్నాను.

"వదినా, మా అన్నయ్యకి లోపల గదిలో ఎక్కడన్నా విడిగా పెడతారా? కుడి చెయ్యి పడిపోయింది. నలుగురిలో తినడు."

ఆవిడ చారు దింపి నా వైపు తిరిగింది.

"మీ అన్నయ్యగారు అడగమన్నారా, మీరే అడుగుతున్నారా?"

ఆవిడ దెప్పలేదు. తెలుసుకోవడానికే అడిగింది. అన్నయ్య తలుపు వెయ్యమన్నది మొదట్లో, ఒకటి రెండుసార్లు. ఆ తర్వాత మా వదినా నేనూ అడక్కుండానే కంచం లోపల పెట్టి, అడక్కుండానే తలుపు వేసి వచ్చేవాళ్లం. తన పరువు కాపాడుతున్నామనుకున్నాం. బయట కూర్చుంటావా అని ఒక్క పూటైనా అడిగింది లేదు.

ఆవిడ వరండాలో చాప పరిచి నాలుగు కంచాలు వరసగా పెట్టింది. రైతు చెంబుతో నీళ్లు పోస్తుంటే అన్నయ్య ఎడం చేతికి అంటిన తుప్పూ జిడ్డూ సబ్బుతో రుద్ది కడుక్కున్నాడు. కంచాల వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను ఈసారి దారి చూపించలేదు. వచ్చి చాప మీద, రైతు పక్కన కూర్చున్నాడు.

పప్పు, పండుమిరప పచ్చడి, చారు, గడ్డ పెరుగు. అన్నయ్య కలిపాడు. మొదటి ముద్ద సగం కంచంలోనే పడింది. పడిన మెతుకులు మళ్లీ పోగుచేసి, వేళ్లు దగ్గరికి తెచ్చుకుని ఎత్తాడు. రైతు పత్తికి పట్టే గులాబీ పురుగు గురించి మొదలుపెట్టినవాడు ఆపలేదు, అన్నయ్య చేతిని పనిగట్టుకుని చూడనూ లేదు, చూపు తిప్పుకోనూ లేదు. ఆవిడ అందరికీ వడ్డించినట్టే వచ్చి నెయ్యి వేసింది. అన్నయ్య నాలుగో ముద్ద దగ్గర పురుగు మందు విషయంలో రైతుతో విభేదించడం మొదలుపెట్టాడు.

డాక్టర్లకి దణ్ణం పెట్టాను, ముడుపులు కట్టాను, ఎక్కని గుడి లేదు. పేరు కూడా సరిగా అడగని ఆ ఇద్దరూ ఒక్క పూట భోజనంలో మా మనిషిని మాకిచ్చారు. ఈ జన్మకి వాళ్ల ఋణం తీర్చలేను, తీర్చాలనీ లేదు. నేను కంచం ముందు తల వంచుకుని అన్నం కలుపుతూనే కూర్చున్నాను.

"ఏమే, తినవేం?" అన్నాడు అన్నయ్య. "పచ్చడి వేసుకో. మన కాయ కంటే బాగుంది."

గిన్నె తన పక్కనే ఉంది. గరిటెడు తీసి, ఎడం చెయ్యి చాపి నా కంచంలో వేశాడు. వేశాక తనకే తెలిసొచ్చింది. చెయ్యి గాల్లోనే ఆగింది.

నేను కంచం ఇంకాస్త ముందుకి జరిపి, ఇంకొంచెం వెయ్యమన్నాను.