కూర వార్చిన నీళ్ళు

మా కాలేజీలో జువాలజీ చదవడానికి చేరినవాళ్ళకు మొదటి ఏడాది కొంచెం కెమిస్ట్రీ కూడా పట్టించేవాళ్ళు, పసిపిల్లలకు ఆముదం పట్టించినట్టు. అందుకోసం కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు నుంచి ఒక లెక్చరర్ వచ్చేవాడు. కప్పల్ని కోసుకునే జాతికి అణువుల గురించి చెప్పాల్సి రావడం ఆయనకు చిన్నతనంగా ఉండేది. ప్రతి పాఠం చివరా "మీకు ఇంతే చాలు" అని చాక్‌పీసు బల్లమీద పడేసి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఉప్పు గురించి చెప్పాడు. సోడియం ఒక్కటే నీళ్ళలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ ఒక్కటే పీలిస్తే మనిషి పోతాడు. అక్కడ ఆగి, గొంతు తగ్గించి, "ఆ రెండూ కలిస్తేనే మనం రోజూ అన్నంలో వేసుకునే ఉప్పు" అన్నాడు. ఆశ్చర్యపోవడానికి మాకు కాస్త వ్యవధి కూడా ఇచ్చాడు. నేను వెనక బెంచీ నుంచి, "మా ఇంట్లో మా అమ్మా మా అత్తా కూడా విడివిడిగా ఇట్లాగే ఉంటారు సార్, కలిపితే మాత్రం ఉప్పు కావడంలేదు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నన్ను బయటికి పంపాడు.

వరండాలో నిలబడి నేను మాత్రం నవ్వలేదు. అప్పటికి మా ఇంట్లో ఉప్పు పరిహాసానికి పనికొచ్చే వస్తువు కాదు.

మా నాయన ఊరి శివార్లలో, మనలిలో, ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. రాయపురంలో మా ఇంటికి బయటినుంచి చేపల వాసన, నాయన చొక్కాతోపాటు ఫ్యాక్టరీ వాసన వచ్చేవి. ఎవరైనా చుట్టాలొచ్చి ముక్కు మూసుకుంటేగానీ అవి వాసనలని మాకు గుర్తొచ్చేది కాదు. నేను ప్లస్ టూ ముగించిన వేసవిలో నాయన మొహం నిండుగా తయారైంది. మా అత్త, అంటే నాయన చెల్లెలు, "ఇన్నాళ్ళకి మా అన్న ఒళ్ళు చేసినాడు" అని సంతోషించి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీసింది. ఆ తర్వాత కాళ్ళు కూడా వాచాయి. అది ఒళ్ళు కాదనీ నీరనీ, రెండు కిడ్నీలూ పని మానుకుంటున్నాయనీ పెద్దాసుపత్రిలో చెప్పారు.

అత్త ఫ్యాక్టరీని శాపనార్థాలు పెట్టింది. డాక్టరు, ఫ్యాక్టరీ వల్ల కాదమ్మా, ఏళ్ళ తరబడి పట్టించుకోని బీపీ వల్ల, అన్నాడు. దుర్మార్గుడు లేని కథ అత్తకు రుచించలేదు. ఆమె ఫ్యాక్టరీనే తిడుతూ ఉండింది.

డయాలిసిస్ మొదలుపెట్టారు. నాయన రక్తం ఒక గొట్టంలోంచి మెషీన్‌లోకి పోయి, పల్చటి పొరకు ఇటువైపు పారేది. అటువైపు మందునీళ్ళు. రక్తంలో పేరుకున్న చెత్త పొర దాటి నీళ్ళలోకి పోయేది. నాయన ఆ గొట్టాలవంక వృత్తిధర్మంగా చూసి, "ఈ జాయింటు నేనైతే ఇంకొంచెం గట్టిగా బిగిస్తా" అన్నాడు. నర్సుకు తమిళమేగానీ తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు.

తిండి సంగతి డాక్టరు అమ్మకు తమిళంలో విడమరిచి చెప్పాడు. ఉప్పు బాగా తగ్గించాలి. తాగే నీళ్ళు కొలిచి ఇవ్వాలి. అన్నిటికంటే పెద్ద గండం పొటాషియం. అది కూరల్లో, పళ్ళలో, పప్పులో ఉంటుంది. మంచి కిడ్నీలైతే ఎక్కువైనదాన్ని బయటికి తోసేస్తాయి. ఈయనవి తొయ్యలేవు. రక్తంలో పెరిగిందంటే చెప్పాపెట్టకుండా గుండె ఆగిపోతుంది. కాబట్టి అరిటిపళ్ళు వద్దు, బోండాం నీళ్ళు వద్దు, పప్పు వద్దు. కూరగాయలు సన్నగా తరిగి, నిండా నీళ్ళు పోసి ఉడికించి వార్చాలి. పొటాషియం ఆ నీళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు ఆ కూర పెట్టొచ్చు.

అమ్మ తలూపింది. ఇంటికొచ్చి అక్షరాలా అట్లాగే చేసింది. ఉడికించి, వార్చి, ఉప్పు లేకుండా పళ్ళెంలో పెట్టిన సొరకాయను చూసి నాయన, "దీనికంటే నేనే బాగుండాను" అన్నాడు. నోటికి హితవుగా ఉన్నది ఒక్క చారే. నీళ్ళకు కొలత ఉండేది గానీ, అన్నంలో కలిసిపోయిన చారు నీళ్ళ కిందికి రాదని మా ఇంటి న్యాయం.

ఇంత చేసినా పరీక్ష చేసినప్పుడల్లా పొటాషియం ఎక్కువే ఉండేది. డాక్టరు నాయనను నేరస్థుణ్ణి చూసినట్టు చూశాడు. "బయట ఏం తింటున్నారు?" అని అడిగాడు. నాయన ఏమీ లేదన్నాడు. దొంగ కూడా అదే అంటాడు కదా అన్నట్టు డాక్టరు అమ్మవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. టీకడ దగ్గిర అరిటిపండ్లు ఏలాడతా ఉంటాయి గదా. తింటాండావా?" అని అడిగింది అమ్మ.

"తినలేదు మే."

"మా అన్న చిన్నప్పట్నించీ అరిటిపండంటే ప్రాణం ఇడిస్తాడు" అంది అత్త. ప్రాణం సంగతి వచ్చేసరికి విచారణ వాయిదా పడింది.

నన్ను కాపలాకు పెట్టారు. నాయన సాయంత్రం కాస్త నడవడానికి బయల్దేరితే, నేను వెనక దూరంగా నడిచేవాణ్ణి. ఆయన టీకొట్టు ముందు బెంచీమీద కూర్చుని మనుషుల్ని చూస్తూ ఉండేవాడు. టీ కూడా తాగేవాడు కాదు. ఒకరోజు వెనక్కి తిరక్కుండానే, "ఏరా అబ్బయ్యా, సీఐడీ ఉద్యోగం ఎట్టుండాది? జీతం ఇస్తాండారా?" అన్నాడు.

"ట్రైనింగులో ఉన్నా నాయనా."

"ఎనకాల నిలబడేదానికంటే ఈడ కూచో. ఇద్దరం కలిసి టీ తాగకుండా ఉందాం."

కూర్చున్నాను. ఆయన ఏమీ తినడంలేదని నాకు రూఢిగా తెలిసింది. అట్లాగైతే ఆ పొటాషియం ఎక్కణ్ణించి వస్తున్నట్టు? ఆయన నెమ్మదిగా మెట్లెక్కలేని స్థితికి వచ్చాడు. కాళ్ళలో సత్తువ లేదనేవాడు. సత్తువ లేదనే మాట అమ్మ చెవిలో పడేది.

ఇంతలో కాలేజీలో లెక్చరర్ ఒక గాజు బీకరు నిండా నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టాడు. పొటాషియం పర్మాంగనేట్ పలుకు ఒకటి అందులో వేశాడు. "ఎవరూ కదిలించకండి" అన్నాడు. అడుగున ఊదారంగు దారంలాగా లేచింది. మెల్లగా పొగలాగా పరుచుకుంది. గంట ముగిసేసరికి బీకరంతా వంకాయ రంగు. "ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి అదే పోతుంది. తొయ్యక్కర్లేదు, పిలవక్కర్లేదు. దీన్నే వ్యాపనం అంటారు. మీకు ఇంతే చాలు."

నాకు అంత కూడా అక్కర్లేకపోయింది. కూరలోంచి నీళ్ళలోకి, రక్తంలోంచి మందునీళ్ళలోకి, రెండుచోట్లా ఇదే జరుగుతోందని ఇంటికి పోతూ బస్సులో అనుకున్నాను. ఇంత సుళువైన సంగతిని డాక్టరు అంత భయంకరంగా ఎందుకు చెప్పాడా అని కూడా అనుకున్నాను.

ఇంటికి చేరేసరికి అమ్మ బీన్సు వారుస్తోంది. వార్చిన నీళ్ళు పచ్చగా పొగలు కక్కుతూ గిన్నెలోకి దిగాయి. అమ్మ ఆ గిన్నెను మళ్ళీ స్టవ్ మీద పెట్టి మిరియాల పొడి వేసింది.

"అమ్మా, అది ఏంది?"

"చారు."

"ఆ నీళ్ళతోనా?"

"మరి? పప్పు వద్దన్నారు గదా, పప్పుకట్టు యాడ్నించి వచ్చేది? కూరలో ఉండేదంతా ఈ నీళ్ళలోకే దిగిపోతుందని ఆ డాక్టరే గదా చెప్పినాడు. పిప్పి ఆయనకి పెట్టి సత్తువ తూములో పోసేదానికి నాకేమన్నా పిచ్చా?"

ఆ నీళ్ళు పారబొయ్యాలని డాక్టరు చెప్పలేదు. చెప్పాల్సి ఉంటుందని ఆయనకు తట్టి ఉండదు. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళలో చింతపండు నానేది. గంజిలో సగం ఉప్పేసుకుని తాగేది, సగం చొక్కాలకు పెట్టేది. పొయ్యిమీద ఉడికిన నీళ్ళు తూములో పోస్తే అన్నాన్ని కాలితో తన్నినట్టే. ఆసుపత్రి మొదలైనప్పట్నుంచీ అమ్మ రోజూ కూరను శుభ్రంచేసి, తీసేసిన పొటాషియాన్నంతా జాగ్రత్తగా పోగుచేసి, మిరియాలూ జీలకర్రా వేసి నాయనకు పోసింది. నీరసంగా ఉందన్న రోజు ఇంకో గరిటె ఎక్కువ పోసింది.

"అమ్మా, ఆ సత్తువ పేరే పొటాషియం" అన్నాను.

సినిమాలో అయితే గిన్నె చేతిలోంచి జారి పడాలి. మా అమ్మ స్టవ్ ఆపేసి, గిన్నెను దించి, మూత పెట్టింది.

అత్త ఊరుకుంటుందా? "అయ్యో, చేతులారా పోసిందిరా! నా అన్నకి చేతులారా పోసింది!" అని గుండెలు బాదుకుంది. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. నాయన మంచంమీద నుంచి, "ఏయ్, నోరు ముయ్యి. తాగింది నేను, అరిచేది నువ్వా?" అన్నాడు. అమ్మవైపు తిరిగి, "ఇంత పథ్యంలో ఒక్క చారన్నా బాగుండాదే అనుకుంటి. ఇదా సంగతి" అన్నాడు.

మర్నాడు డాక్టరుకు చెప్పాం. ఆయన తిట్టలేదు. తల పట్టుకున్నాడు. చారు ఆపాక పొటాషియం తగ్గింది. మేం కొంచెం ఆశపడ్డాం. ఆశ కూడా అంతే, ఎవరు తోసినా తొయ్యకపోయినా పరుచుకుంటుంది. అమ్మ ఇప్పుడు ఉత్త వేణ్ణీళ్ళలో మిరియాలు వేసి, చింతపండు కూడా లేకుండా, చారు అని పేరుపెట్టి రెండు గరిటెలు పోసేది.

"ఎట్టుండాది?" అని అడిగేది.

"బాగుండాది" అనేవాడు నాయన. వేడిగా ఉంది అని ఉంటే నిజమే అయ్యేది.

ఒక మధ్యాహ్నం, మంచంమీద కూర్చుని చొక్కాకు గుండీ పెట్టుకుంటూ ఆయన పోయాడు. ఆఖరి మాటలేవీ లేవు. "ఈ గుండీ ఊడేటట్టుండాది" అన్నాడు, అంతే. దాంట్లో ఏదైనా అర్థం ఉందేమోనని అత్త చాలాకాలం వెతికింది. గుండీ నిజంగానే వదులుగా ఉండింది.

కర్మ అయ్యాక అమ్మ నన్ను తీసుకుని ఆసుపత్రికి పోయి డాక్టరును ఒకటే మాట అడిగింది, ఆ చారు వల్లేనా అని. ఆయన మంచివాడు, అబద్ధం చెప్పడం చేతకాదు. "చెప్పలేం అమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. ఆ కిడ్నీలతో ఎట్లాగైనా కష్టమే" అన్నాడు. కాదు అన్న రెండక్షరాల కోసం అమ్మ అక్కడే ఇంకాసేపు నిలబడింది. అవి రాలేదు.

నేనూ పుస్తకంలో చూశాను. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడా ఉన్నంతకాలం గుండె కొట్టుకుంటుంది. బయట పెరిగి తేడా తగ్గితే ఆగుతుంది. అందులో చారు వాటా ఎంత, జబ్బు వాటా ఎంత అని ఏ పేజీలోనూ లేదు. పరీక్షలో వ్యాపనానికి నిత్యజీవితం నుంచి ఉదాహరణ ఇమ్మన్నారు. గదిలో ఒక మూల అగరొత్తి వెలిగిస్తే వాసన ఇల్లంతా వస్తుంది అని రాశాను. అందరూ రాసేది అదే. మార్కులు పూర్తిగా వేశారు.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఏది ఉడికినా ఆ నీళ్ళు తూములోకే. పప్పుకట్టు కూడా. అత్త కూడా అట్లాగే పారబోస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక, "అమ్మా, మన కిడ్నీలు బాగానే ఉన్నాయి. మనకి ఆ నీళ్ళు మంచివే. పుస్తకంలో ఉంది" అన్నాను.

"ఆయనకీ మంచివనే పోస్తి" అంది.

ఆరోజు కూడా వేణ్ణీళ్ళ చారే. నేను కలుపుకుని తిన్నాను. అమ్మ గరిటె పట్టుకుని నావంకే చూస్తోంది.

"ఎట్టుండాది?"

"బాగుండాది మా."

"మీ నాయనా ఇట్టనే అబద్ధం చెప్తా ఉండె" అని, అమ్మ ఇంకో గరిటె పోసింది.