సెలవు అడిగిన హెడ్ కానిస్టేబుల్

మా హెడ్ కానిస్టేబుల్ సార్ పోయారని మొన్న పొద్దున స్టేషన్ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనేమీ పెట్టలేదు. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

శంషాబాద్‌లో కానిస్టేబుల్‌గా నా మొదటి పోస్టింగ్ ఆయన కిందే. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఇంటివాళ్లకు చావు కబురు ఎలా చెప్పాలో ఆయనే నేర్పారు. "నిలబడి చెప్పకు బిడ్డా. కూసోని చెప్పు. అప్పుడు వాళ్లు గూడ కూసుంటరు" అనేవారు. డబ్బాలో పచ్చిపులుసు ఉంటే సగం నా అన్నంలో పోసేదాకా ఊరుకునేవారు కాదు.

రెండేళ్ల కిందటి వానల్లో హిమాయత్ సాగర్ కింది రోడ్డు మీద ఒక ఆటో వరదలో చిక్కింది. సార్ నడుముకు తాడు కట్టుకుని దిగారు. తల్లిని ఒడ్డుకు చేర్చి మళ్లీ వెళ్లేసరికి, లోపలున్న ఐదేళ్ల పాప కొట్టుకుపోయింది. మూడో రోజు ఆ పాపను బురదలోంచి ఎత్తిందీ ఆయనే.

ఆ తర్వాత ఆయనకు నిద్ర పట్టేది కాదు. "కండ్లు మూస్తే ఆ పిల్ల పిలుస్తది" అన్నారు ఒకసారి, అన్నం తింటూ తింటూ ఆగిపోయి. సెలవు కావాలని, మనసు డాక్టరుకు చూపించుకుంటానని అర్జీ పెట్టారు. టైప్ చేసింది నేనే. పై అధికారి దాన్ని అందరి ముందూ చదివి, "పోలీసువి. నువ్వే నీళ్లకు భయపడితే జనం ఏమనుకుంటారయ్యా?" అన్నాడు. కొందరు నవ్వారు. నేను తల దించుకున్నాను.

తల్లిని కాపాడినందుకని సార్‌కు శాలువా కప్పి ఫొటో దిగడానికి మాత్రం అందరికీ తీరిక దొరికింది. ఒత్తిడి తగ్గించే శిక్షణ అని ఒక మధ్యాహ్నం మాకందరికీ గట్టిగా ఊపిరి పీల్చడం నేర్పి, సంతకాలు తీసుకుని పంపేశారు. మళ్లీ వానలొస్తే సార్‌ను అదే రోడ్డు మీద నిలబెట్టారు. మొన్న తెల్లవారుజామున అక్కడే కుప్పకూలారు. దవాఖానలో గుండెపోటని రాశారు.

ఇంటిదగ్గర ఆ అధికారి పూలదండ వేసి, సార్ భార్యతో "చాలా ధైర్యవంతుడమ్మా" అన్నాడు.

"ధైర్యం సంగతి గాదు సారూ. ఆయన దవా గావాలని అడిగిండు. మీకు కాయితం రాసిచ్చిండు గదా" అందామె.

"నేనే టైప్ చేసిన సార్. కాపీ నా దగ్గరున్నది" అన్నాను, రెండేళ్లు ఆలస్యంగా. అతను కారెక్కాడు.

కాసేపటికి జల్‌పల్లి నుంచి బుర్ఖాలో ఒకామె వచ్చింది. ఆ పాప తల్లి. "నన్ను నీళ్లలకెళ్లి తీసింది ఈ సాబే" అని చెప్పి, సార్ భార్య పక్కన నేల మీద కూర్చుంది. పాడె ఎత్తే ముందు వాన మొదలైంది. జనం షామియానా కిందికి జరిగారు. ఆ పాప తల్లి కదల్లేదు. తన గొడుగు విప్పి, తాను తడుస్తూ, ఆయన ముఖం మీద పట్టింది.